ఉమ్మడి సర్వరు, డ్రైవు అక్షరము : అనుసంధాన దోషముల నిర్ణయము

నేడు విశ్వవిద్యాలయములలోని తెలుగు శాఖలయందు పరిశోధన సామగ్రి బీరువాలలోనే గాక సర్వరులలోను భద్రపరుపబడుచున్నది. తాళపత్రముల ఛాయాచిత్రములు, శాసనముల నకళ్లు, నిఘంటువుల ఆరోపములు, జానపద గేయముల ధ్వనిముద్రణలు, సిద్ధాంతవ్యాసముల చిత్తుప్రతులు ఒక యంత్రమున చేరియుండగా, అధ్యాపకులును పరిశోధక విద్యార్థులును తమతమ కంప్యూటర్ల నుండి వానిని తెరచి చూచుకొనుచున్నారు. ఈ యుమ్మడి సామగ్రి వారి తెరపై సాధారణముగా 'ఎస్' అనియో 'జెడ్' అనియో ఒక ఆంగ్లాక్షరముతో కూడిన డ్రైవుగా కన్పట్టును. దూరమున నున్న ఫోల్డరునకు మన యంత్రమున ఇట్లొక అక్షరమును పేరుగా నిచ్చుటకే డ్రైవు మ్యాపింగు అని వ్యవహారము.

ఈ డ్రైవు ఒకనాడు తెరచుకొనదు. అప్పుడు సాధారణముగా మూడు పరిణామములలో ఒకటి సంభవించును. మొదటిది, పని నిలిచిపోవుట. రెండవది, ఎవరికి వారు పెన్‌డ్రైవులలో ప్రతులు తీసికొని, వేర్వేరుగా సవరించుట. మూడవది, తొందరలో ఎవరో సర్వరునకు గల కట్టుబాట్లనన్నింటిని సడలించుట. ఈ మూడింటిలో మొదటిది చూచుటకు పెద్ద నష్టముగా తోచునుగాని నిజమునకు అన్నింటికంటె చిన్నది. నిలిచిన పని మరల సాగును. విడివడిన ప్రతులు మరల ఒకటి యగుట కష్టము. సడలించిన కట్టుబాటును మరల బిగించువారు అరుదు.

కావున ఈ దోషములను నిర్ణయించు పద్ధతి యంత్రనిపుణులకు మాత్రమే గాక, ఆ సామగ్రిపై ఆధారపడిన మనకును తెలిసియుండుట అవసరము. ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచిన విషయము ఒక్కటే. డ్రైవు అక్షరము ఒక పేరు మాత్రమే. ఆ పేరునుండి అది సూచించు ఫైలు వరకు కొన్ని మెట్లు కలవు. దోషము సాధారణముగా వానిలో ఏదో యొక మెట్టునందుండును. ఆ మెట్టేదో యంత్రము తెరపై చూపు సంఖ్యయే పెక్కుసారులు సూచించుచున్నది. సంఖ్యను చదువక చేయు చికిత్స, ప్రతిని చూడక చేయు పాఠసంస్కారము వంటిది.

1. అక్షరము – అది సూచించు వస్తువు

డ్రైవులకు అక్షరములనిచ్చు ఆచారము 1970 దశకపు సీపీ/ఎం అను నిర్వహణ వ్యవస్థనుండి, 1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుతో వెలువడిన డాస్‌నకు సంక్రమించినది. ఏ, బీ అను నక్షరములు ఫ్లాపీలకును, సీ అనునది హార్డుడిస్కునకును రూఢమైనవి. మిగిలిన అక్షరములలో కొన్నింటిని దూరమున నున్న ఫోల్డర్లకు పెట్టుట తరువాతి కాలపు సౌకర్యము. ఇరువదియారు అక్షరములకు మించి లేకపోవుట ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన పరిమితి.

ఒక యంత్రములోని ఫైళ్లను మరియొక యంత్రమునుండి వాడుకొనుటకు తగిన సంభాషణ నియమావళిని 1980 దశకపు తొలిభాగమున ఐ.బి.ఎం. సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపొందించెను. దానికి సర్వర్ మెసేజ్ బ్లాక్ అని పేరు; సంక్షేపముగా ఎస్.ఎం.బి. అందురు. మైక్రోసాఫ్ట్ సంస్థ దీనిని స్వీకరించి విస్తరించినది. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ ప్రారంభించిన కృషి 'సాంబా' అను పేర ప్రసిద్ధమై, యూనిక్స్, లినక్స్ యంత్రములును ఇదే సంభాషణ చేయుటకు వీలు కల్పించినది. కనుక మన శాఖలోని సర్వరు విండోస్‌పై నడచినను, లినక్స్‌పై నడచు చిన్న నిల్వయంత్రమైనను, డ్రైవు తెరచునపుడు జరుగు సంభాషణ ఒక్కటే.

ఉమ్మడి ఫోల్డరు యొక్క అసలు చిరునామా అక్షరము కాదు. రెండు వెనుకవాలు గీతలు, సర్వరు పేరు, మరల ఒక వెనుకవాలు గీత, ఆపై షేరు పేరు – ఇది దాని నిజరూపము. ఉదాహరణకు \\భాండారము\తాళపత్రములు అను చిరునామాకు 'జెడ్' అను నక్షరము ఒక మారుపేరు. ఈ మారుపేరు యంత్రమునకు చెందినది కాదు. ఆ యంత్రమున ప్రవేశించిన వ్యక్తికి చెందినది. ఒకే కంప్యూటరుపై ఇరువురు వేర్వేరు పేర్లతో ప్రవేశించినచో, ఒకరి 'జెడ్' మరియొకరికి కానరాకపోవచ్చును. అంతియేకాదు, ఒకే వ్యక్తి సాధారణ హోదాలో మ్యాపు చేసిన డ్రైవు, నిర్వాహక హోదాలో తెరచిన కార్యక్రమమునకు సామాన్యముగా కనబడదు. దీనిని దోషమని భ్రమించుట కలదు. ఇది రక్షణార్థమై చేసిన యేర్పాటు.

దీనినుండి పరిశోధకులకు ఉపయోగపడు నియమమొకటి తేలుచున్నది. సిద్ధాంతవ్యాసమునందు గాని, సామగ్రి పట్టికయందు గాని ఉమ్మడి ఫైలుయొక్క స్థానమును వ్రాయునపుడు డ్రైవు అక్షరముతో వ్రాయరాదు. పూర్తి చిరునామాతో వ్రాయవలెను. నా 'జెడ్' మీకు 'వై' కావచ్చును. పూర్తి చిరునామా ఇరువురకును సమానము.

2. ఆరు మెట్లు

అక్షరముపై నొక్కినది మొదలు ఫైలు తెరచుకొనువరకు జరుగు వ్యవహారమును ఆరు మెట్లుగా విభజింపవచ్చును.

మొదటిది నామము. సర్వరు పేరును యంత్రము ఒక సంఖ్యారూపమైన చిరునామాగా మార్చుకొనవలెను. ఇది సాధారణముగా డి.ఎన్.ఎస్. అను నామసూచిక వలన జరుగును.

రెండవది మార్గము. ఆ చిరునామాకు తీగద్వారా గాని, వైఫై ద్వారా గాని దారి యుండవలెను. సర్వరునందు 445వ పోర్టు తెరచియుండవలెను. పాత యంత్రములు 139వ పోర్టును వాడెడివి; 2000 సంవత్సరమున వెలువడిన విండోస్ 2000 నుండి 445 ముఖ్యద్వారమైనది.

మూడవది మాండలికము. ఇది నేను కల్పించిన రూపకము కాదు. ఎస్.ఎం.బి. నియమావళి యొక్క వేర్వేరు సంచికలను ఆ శాస్త్రమువారే మాండలికములని పిలుచుచున్నారు. సంభాషణారంభమున మన యంత్రము తనకు వచ్చిన మాండలికములను పేర్కొనును. సర్వరు వానిలో తనకును వచ్చిన మిక్కిలి క్రొత్తదానిని ఎన్నుకొనును. 2.0.2, 2.1, 3.0, 3.0.2, 3.1.1 అనునవి నేటి వాడుకలోని మాండలికములు. వీనికి పూర్వపుదగు మొదటి సంచిక ఇప్పుడు త్యాజ్యముగా పరిగణింపబడుచున్నది. ఇరువురకును సమానమైన మాండలికము లేనిచో సంభాషణయే సాగదు.

నాల్గవది గుర్తింపు. వచ్చినవారెవరో పేరు, పాస్‌వర్డు మొదలగువాని వలన సర్వరు తెలిసికొనును.

ఐదవది షేరు. అడిగిన పేరుగల ఉమ్మడి ఫోల్డరు సర్వరునందున్నదా యని చూచును.

ఆరవది అనుమతి. వచ్చినవారికి ఆ ఫోల్డరును చూచుటకు, చదువుటకు, మార్చుటకు అధికార మెంతవరకు గలదో నిర్ణయించును.

ఈ క్రమమునందే ఒక గొప్ప సౌకర్యమున్నది. నాల్గవ మెట్టున నిలిచిపోయినదన్నచో మొదటి మూడును దాటినదని అర్థము. పాస్‌వర్డు తప్పని సర్వరు చెప్పుచుండగా తీగలను ఊడదీసి చూచుట వ్యర్థము. సర్వరు నుండి జవాబే రానపుడు పాస్‌వర్డు మార్చుట అంతకన్న వ్యర్థము.

3. దోషాంకములు – వాని తాత్పర్యము

తెరపై పెట్టెలో కన్పట్టు వాక్యములు ఒక్కొక్కసారి అస్పష్టముగా నుండును. ఆజ్ఞాపంక్తిలో 'నెట్ యూజ్' అను ఆజ్ఞతో అదే డ్రైవును మ్యాపు చేయ ప్రయత్నించినచో స్పష్టమైన సంఖ్య లభించును. పెట్టెలో వచ్చు పొడవైన సంకేతమును ఆ సంఖ్యయే వేరొక వేషమున ధరించియుండును. ఉదాహరణకు 80070035 అను సంకేతమందలి చివరి 35 షోడశాంశ లెక్కలోనిది. దానిని దశాంశమునకు మార్చినచో 53 అగును. అట్లే 80070043 అనునది 67. 80070005 అనునది 5.

53 – నెట్‌వర్కు మార్గము కానరాలేదు. ఇది మొదటి రెండు మెట్లకు చెందినది. పేరు చిరునామాగా మారలేదు, లేదా చిరునామాకు దారి లేదు, లేదా 445వ పోర్టు మూసియున్నది. ఈ మూడింటిని వేరుచేయుట సులభము. సర్వరు పేరునకు బదులు దాని సంఖ్యా చిరునామాను వ్రాసి చూడవలెను. సంఖ్యతో తెరచుకొని పేరుతో తెరచుకొననిచో లోపము నామసూచికయందున్నది. రెండింటను తెరచుకొననిచో 'టెస్ట్-నెట్‌కనెక్షన్' అను ఆజ్ఞతో 445వ పోర్టును పరీక్షింపవలెను. కేవలము 'పింగ్' చేసి జవాబు రాలేదని సర్వరు చెడినదనుట తొందరపాటు. పింగునకు జవాబీయకుండ ఫైళ్లను మాత్రము సవ్యముగా నిచ్చు సర్వరులు కలవు. జవాబు వచ్చినంతమాత్రమున 445 తెరచియున్నదనుటయు తగదు.

67 – నెట్‌వర్కు పేరు కానరాలేదు. 53 తో దీనికి పోలిక యున్నందున తరచుగా రెండింటిని ఒకటిగా భావింతురు. ఐదవ మెట్టునకు చెందిన దోషము ఇది. సర్వరు దొరికినది, అడిగిన షేరు దొరకలేదు. షేరు పేరు మారియుండవచ్చును, లేదా పేరును వ్రాయుటలో అక్షరదోషము దొరలియుండవచ్చును. వెనుకవాలు గీతలకు బదులు ముందువాలు గీతలు వ్రాసినను ఇట్టి సంఖ్య వచ్చుట కలదు.

86, 1326, 1909 – ఇవి నాల్గవ మెట్టునకు చెందినవి. మొదటిది పాస్‌వర్డు సరికాదని, రెండవది పేరో పాస్‌వర్డో సరికాదని, మూడవది ఖాతా తాత్కాలికముగా బంధింపబడినదని చెప్పును. పాస్‌వర్డు మార్చిన మరునాడే ఈ దోషములు వచ్చినచో కారణమును దూరమున వెదుకనక్కరలేదు. విండోస్‌లోని 'క్రెడెన్షియల్ మేనేజరు' అను చోట పాత పాస్‌వర్డు దాగియుండును. మనము ఊరకున్నను యంత్రము దానినే పదేపదే పంపుచుండును. సర్వరు విసిగి ఖాతాను బంధించును. అచటి పాత నమోదును తొలగించుటయే మందు.

1398 – మన యంత్రపు గడియారమునకును సర్వరు గడియారమునకును అంతరమున్నది. డొమైను పద్ధతిలో గుర్తింపునకు వాడు కెర్బరాస్ నియమావళి సాధారణముగా 5 నిమిషములకు మించిన అంతరమును అంగీకరింపదు. చిన్న బ్యాటరీ క్షీణించిన పాత కంప్యూటరు ప్రతిదినము తప్పు కాలముతో మేల్కొనుచున్నచో ఈ విచిత్రదోషము పొడచూపును.

384, 1272 – ఇవి క్రొత్త కాలపు సంఖ్యలు. మొదటిది, సర్వరునకు త్యాజ్యమైన మొదటి మాండలికము తప్ప మరియొకటి రాదని చెప్పుచున్నది. రెండవది, పేరు చెప్పక అతిథిగా ప్రవేశించుటను మన యంత్రపు రక్షణనియమము నిరోధించినదని తెల్పుచున్నది. 2024లో వెలువడిన విండోస్ 11 యొక్క 24హెచ్2 సంచిక, సర్వరు పంపు సందేశములకు సంతకముండవలెనను నియమమును సహజముగా విధించినది. అందువలన అంతవరకు చక్కగా పనిచేసిన పాత నిల్వయంత్రములు, క్రొత్త కంప్యూటరు కొనిన దినముననే తెరచుకొనకపోవుట తటస్థించుచున్నది. ఇట్టిచోట చెడినది క్రొత్త యంత్రము కాదు. కాలము చెల్లినది పాత సర్వరు.

71 – ఇంతకు మించిన అనుసంధానములకు వీలులేదు. సర్వరుకై ఉద్దేశింపని సాధారణ విండోస్ 10, విండోస్ 11 కంప్యూటరునే శాఖలో సర్వరుగా వాడుకొన్నచో, దానికి ఏకకాలమున 20 అనుసంధానములకే అనుమతి కలదు. ఉదయమున ముందుగా వచ్చినవారికి తెరచుకొని, ఆలస్యముగా వచ్చినవారికి తెరచుకొననిచో ఈ సంఖ్యను అనుమానింపవలెను.

85 – ఆ యక్షరము ఇదివరకే వాడుకలోనున్నది. పాత మ్యాపింగును తొలగించుట గాని, వేరొక అక్షరమును ఎన్నుకొనుట గాని చాలును. పెన్‌డ్రైవులు ముందువరుసలోని అక్షరములను ఆక్రమించును గనుక ఉమ్మడి ఫోల్డర్లకు వర్ణమాల చివరి అక్షరములను వాడుట మేలు.

1219 – ఒకే సర్వరునకు ఒకే వ్యక్తి రెండు వేర్వేరు పేర్లతో అనుసంధానము కోరినాడు. దీనిని గూర్చి ముందు ఉదాహరణముతో వివరింతును.

5 – ప్రవేశము నిరాకరింపబడినది. ఇది ఆరవ మెట్టు. విండోస్ సర్వరునందు అనుమతులు రెండు తెరలుగా నుండును: షేరునకు ఇచ్చినవి, ఫోల్డరునకు ఇచ్చినవి. నెట్‌వర్కుద్వారా వచ్చినవారికి రెండును వర్తించును. వానిలో సంకుచితమైనదే నిలుచును. ఫోల్డరుపై మార్చు అధికారమిచ్చి, షేరుపై చదువు అధికారము మాత్రమే యిచ్చినచో ఆ వ్యక్తి చదువగలడు గాని మార్చలేడు. మరియొక విశేషము: ఒక విద్యార్థిని క్రొత్తగా ఒక వర్గమున చేర్చినచో, అతడు కంప్యూటరునుండి నిష్క్రమించి మరల ప్రవేశించునంతవరకు ఆ వర్గపు అధికారము సామాన్యముగా సిద్ధింపదు. నిర్వాహకుడు ఇచ్చితినని, విద్యార్థి రాలేదని వాదించుకొనుటకు పెక్కుసారులు ఇదియే హేతువు.

ఇక దోషము కాని దోషమొకటి కలదు. కంప్యూటరు తెరచిన వెంటనే అన్ని డ్రైవులను కలుపలేకపోతినను ప్రకటనయు, అక్షరముపై ఎఱ్ఱని గుర్తును కనబడి, ఆ డ్రైవుపై నొక్కగానే అది తెరచుకొనును. నెట్‌వర్కు సిద్ధము కాకమునుపే యంత్రము అనుసంధానమునకు ప్రయత్నించుట ఇందుకు కారణము. అట్లే కొంతసేపు వాడని అనుసంధానమును విండోస్ సర్వరు తనంతట విడిచిపుచ్చును. సహజముగా ఈ గడువు 15 నిమిషములు. నొక్కినచో మరల కలియును. గుర్తును చూచి కలతపడక మొదట డ్రైవును తెరచి చూచుట విహితము.

4. అన్వయవ్యతిరేక పరీక్ష

సంఖ్య లభింపనపుడును, లభించినది అస్పష్టమైనపుడును మన తర్కశాస్త్రమునకు పరిచితమైన అన్వయవ్యతిరేకములే శరణ్యము. ఏది యున్నపుడు దోషమున్నదో, ఏది లేనపుడు దోషము లేదో చూచుటకు నాలుగు ప్రశ్నలు చాలును.

అదే వ్యక్తి వేరొక కంప్యూటరునుండి ప్రయత్నించినచో తెరచుకొనునా? తెరచుకొన్నచో అతని ఖాతాయు, సర్వరును, అనుమతులును నిర్దోషములు. లోపము మొదటి కంప్యూటరునందున్నది. వేరొక వ్యక్తి అదే కంప్యూటరునుండి ప్రయత్నించినచో తెరచుకొనునా? తెరచుకొన్నచో యంత్రమును మార్గమును మంచివి. లోపము మొదటి వ్యక్తి ఖాతాయందో, అనుమతియందో, దాచిన పాస్‌వర్డునందో యున్నది. అదే సర్వరులోని మరియొక షేరు తెరచుకొనునా? తెరచుకొన్నచో మొదటి నాలుగు మెట్లను గూర్చి చింత లేదు. అక్షరముతో గాక పూర్తి చిరునామాతో తెరచుకొనునా? తెరచుకొన్నచో లోపము మ్యాపింగునందే కలదు. దానిని తొలగించి మరల చేయవలెను.

ఒక్కొక్క పరీక్షలో ఒక్కదానినే మార్చుట ఈ పద్ధతికి ప్రాణము. కంప్యూటరును, వ్యక్తిని, తీగను ఒకేసారి మార్చి, తెరచుకొన్నదని సంతసించినచో దేనివలన తెరచుకొన్నదో తెలియదు. దోషము మరల వచ్చినపుడు మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చును.

5. ఒక ఉదాహరణము

పరిశోధకుల గదిలో ఒక ఉమ్మడి కంప్యూటరున్నదనుకొందము. అందరును దానిలో ఒకే విండోస్ ఖాతాతో ప్రవేశించుచున్నారు. ఒక విద్యార్థి ఉదయమున తాళపత్రముల షేరును 'చదువరి' అను సామాన్య పేరుతో మ్యాపు చేసి, గుర్తుంచుకొనుమని యంత్రమునకు చెప్పి వెళ్లినాడు. ఆ పేరునకు చదువు అధికారము మాత్రమే కలదు. మధ్యాహ్నము ఒక విద్యార్థిని వచ్చి, తన సిద్ధాంతవ్యాసమున్న షేరును తన స్వంత పేరుతో మ్యాపు చేయబోయినది. యంత్రము 1219 అను సంఖ్యను చూపినది. ఆమె పాస్‌వర్డు తప్పినదని తలచి దానిని మార్పించుకొనినది. సంఖ్య మారలేదు.

ఆరు మెట్ల దృష్టితో చూచినచో విషయము తేటపడును. సర్వరు దొరికినది, మార్గమున్నది, మాండలికము కుదిరినది. గుర్తింపు మెట్టున మాత్రము విరోధము వచ్చినది. అదియు తప్పు పాస్‌వర్డు వలన కాదు. ఒకే ప్రవేశములో ఒకే సర్వరునకు రెండు పేర్లతో అనుసంధానములను విండోస్ అనుమతింపదు. 'నెట్ యూజ్' అని వ్రాసి చూచినచో ఉదయపు అనుసంధానము పట్టికలో కనబడును. అక్షరము లేని అనుసంధానములును పట్టికలో నుండవచ్చును గనుక వానినికూడ గమనింపవలెను. ఆ సర్వరునకు చెందిన వానినన్నింటిని 'డిలీట్' పదముతో తొలగించి, ఆమె పేరుతో మరల కలిపినచో డ్రైవు తెరచుకొనును.

ఇది నాటి చికిత్స. రోగమూలము వేరు. ఒకే విండోస్ ఖాతాను అందరును వాడుకొనుట మూలము. ఎవరికి వారు తమ ఖాతాతో ప్రవేశించునట్లు ఏర్పాటు చేసినచో ఈ దోషము మరల రాదు. దీనికి విరుద్ధముగా, అందరికిని అన్ని అధికారములుగల ఒకే పేరునిచ్చినచో సంఖ్య కనబడుట మానును. కాని అంతటితో మరియొకటియు మానును. ఒక పాఠమును ఎవరు, ఎన్నడు మార్చిరో చెప్పు సాక్ష్యము నశించును. పాఠపరిష్కరణము చేయువారికి ఈ నష్టమెంతటిదో వివరింపనక్కరలేదు.

6. తెలుగు పేర్ల విషయము

ఇంతవరకు చెప్పినది ఏ శాఖకైనను సమానము. తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టుకొను మనకు ప్రత్యేకించి సంభవించు చిక్కులు మూడు కలవు. డ్రైవు తెరచుకొనియు ఫైలు తెరచుకొననపుడు వీనిని పరిశీలింపవలెను.

మొదటిది పేరు పొడవు. విండోస్ తన డిస్కులో ఒక పేరునకు 255 సంకేతముల వరకు అంగీకరించును. లినక్స్‌లో విరివిగా వాడు ఎక్స్ట్4 నిల్వపద్ధతి 255 బైట్లను మాత్రమే అంగీకరించును. యూనికోడును నిల్వచేయు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు కావలెను. అనగా 85 సంకేతములతో పేరు ముగియవలెను. 'స్త్రీ' అను నొక్క అక్షరమందు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము అని 6 సంకేతములు, 18 బైట్లు కలవు. కావ్యము పేరు, కవి పేరు, ప్రతిసంఖ్య, ఆశ్వాసము అన్నియు చేర్చి పెట్టిన పేరు మన కంప్యూటరులో ఇమిడి, లినక్స్ సర్వరునకు పంపునపుడు నిరాకరింపబడుట ఇందువలననే.

దీనికి తోడు విండోస్‌లో పెక్కు కార్యక్రమములు మొత్తము మార్గమునకు 260 సంకేతముల హద్దును పాటించును. లోతైన ఫోల్డరును అక్షరమునకు మ్యాపు చేసినపుడు మార్గము చిన్నదగును. ఫైలు హద్దులో నుండును. అదే ఫైలును మరియొకరు పూర్తి చిరునామాతో తెరచునపుడు హద్దు దాటి, తెరచుకొనదు. ఒకరికి తెరచుకొని మరియొకరికి తెరచుకొనకపోవుట చూచి అనుమతులను అనుమానించుటకు ముందు మార్గపు పొడవును లెక్కించుట ఉచితము.

రెండవది కంటికి కనబడని సంకేతము. హలంతమైన మాటలను కలియకుండ వ్రాయుటకు తెలుగు టైపు పద్ధతులలో శూన్యవెడల్పుగల విభాజకమొకటి వాడుదురు. అది మాట చివర చేరినచో కంటికి తెలియదు. యంత్రమునకు మాత్రము తెలియును. అట్టి పేర్లు రెండు ఒకే ఫోల్డరునందు ప్రక్కప్రక్కన ఒకే తీరున కనబడుచు, రెండు వేర్వేరు ఫైళ్లుగా నుండగలవు. షేరు పేరులోనే ఇది చేరినచో, పేరును సరిగా వ్రాసినవారికి 67 ఎదురగును.

మూడవది ఐత్వము. యూనికోడులో 'ఐ'కారపు గుర్తును ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వమును, దాని క్రింది భాగమును రెండు సంకేతములుగా చేర్చియు వ్రాయవచ్చును. యూనికోడు ప్రమాణము రెండును సమానమని చెప్పుచున్నది. విండోస్ నిల్వపద్ధతి వానిని వేరుగా చూచును. ఆపిల్ మ్యాక్ యంత్రముల పాత నిల్వపద్ధతి పేర్లను విడదీసిన రూపమున దాచెడిది. అందువలన 'చైతన్యము', 'వైజయంతి' మున్నగు పేర్లుగల ఫైళ్లు మ్యాక్‌నుండి సర్వరునకు చేరినపుడు, పేరు సరిగా టైపు చేసి వెదకినను దొరకక, లేనివిగా తోచుట కలదు.

ఈ మూడింటికిని పరిహారము ఒక్కటే. సర్వరు పేరు, షేరు పేరు పొట్టివై, రోమను లిపిలో, విరామము లేకుండ నుండవలెను. ఫైలు పేరు క్రమసంఖ్యతో కూడి చిన్నదై యుండవలెను. కావ్యకవినామాదులు పట్టికలో నుండవలెను. తాళపత్ర భాండారములలో కట్టకు సంఖ్యయు, వివరములకు సూచీగ్రంథమును ఉండు సంప్రదాయము మనకు క్రొత్త కాదు.

7. వర్జనీయములైన చికిత్సలు

డ్రైవు తెరచుకొనుటయే లక్ష్యముగా పెట్టుకొన్నచో అందుకు సులభమార్గములు కొన్ని కలవు. వానిలో నాలుగింటిని వర్జింపవలెను.

త్యాజ్యమైన మొదటి మాండలికమును మరల ప్రవేశపెట్టుట మొదటిది. ఈ మాండలికమునందలి లోపమును సవరించు సంస్కరణమును మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న విడుదల చేసినది. దానిని పెక్కుమంది స్వీకరింపకముందే, మే 12న 'వానాక్రై' అను దుష్టకార్యక్రమము ఆ లోపమును ఆధారము చేసికొని ప్రపంచమున సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లను బంధించినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లును నాడు దీని పాలబడినట్లు వార్తాపత్రికలు ప్రకటించినవి. ఆ సంవత్సరాంతమున వెలువడిన విండోస్ సంచికనుండి ఈ మాండలికమును క్రమముగా తొలగించుట మొదలైనది. పాత నిల్వయంత్రమును నిలుపుకొనుటకై దీనిని మరల తెచ్చుట, ఒక గది తాళము పట్టలేదని ఇంటి గోడను కూల్చుట వంటిది. ఆ యంత్రమునకు క్రొత్త సాఫ్ట్‌వేరు లభించునేమో చూడవలెను. లేనిచో యంత్రమును మార్చవలెను.

ఫైర్‌వాలును పూర్తిగా ఆపివేయుట రెండవది. 445వ పోర్టునకు శాఖలోని యంత్రములనుండి అనుమతి యిచ్చిన చాలును. ఆ పోర్టును బయటి ఇంటర్నెట్టునకు తెరచుట ఎన్నడును కూడదు. ఇంటినుండి పనిచేయువారికి వి.పి.ఎన్. మార్గమే తగినది. 'ఎవ్రీవన్' అను వర్గమునకు సంపూర్ణాధికారమిచ్చుట మూడవది. అతిథి ప్రవేశమును అనుమతించుట నాల్గవది. ఈ నాలుగును దోషమును పోగొట్టవు. దోషమును చెప్పు నోటిని మూయును.

వీనికి తోడు, డ్రైవు తెరచుకొననపుడు స్వంత ప్రతిపై పనిచేయు అలవాటును గూర్చి ఒకమాట. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను పండితులచేత ఒక్కొక్క కావ్యమునకు అనేక ప్రతులను సరిపోల్పించి శుద్ధప్రతులను వ్రాయించెను. లేఖకులు వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలములలో చేసిన మార్పులు ఆ శ్రమకు కారణములు. ఒక శాఖలోనే, ఒక వారములోనే, ఒక నిఘంటుపు ఫైలునకు ఐదు పెన్‌డ్రైవులలో ఐదు పాఠములు పుట్టించుట అట్టి శ్రమను చేజేతుల తెచ్చుకొనుటయే. సర్వరు అందనపుడు ప్రతి తీసికొనుట తప్పనిసరియైనచో, ఎవరు ఏ భాగమును సవరించుచున్నారో ముందుగా నిర్ణయించుకొని, దినము వేసి, సర్వరు అందిన వెంటనే ఒక్కరు వానిని చేర్చవలెను.

8. ఉపసంహారము

ఇంతవరకు చేసిన వివరణమును సంగ్రహింపవచ్చును. అక్షరము నామమాత్రము, చిరునామాయే ప్రమాణము. నామము, మార్గము, మాండలికము, గుర్తింపు, షేరు, అనుమతి అను ఆరు మెట్లను క్రమముగా పరిశీలింపవలెను. సంఖ్య లభించినచో ఏ మెట్టునుండి ప్రారంభింపవలెనో తెలియును. లభింపనిచో అన్వయవ్యతిరేకములతో నిర్ణయింపవలెను. పరీక్షకు ఒక్కదానినే మార్చవలెను. దోషము తొలగినపిదప, దానిని తొలగించుటకై తాత్కాలికముగా సడలించిన కట్టుబాటు నేదైనను తిరిగి బిగింపవలెను.

దీనికి తోడ్పడునట్లు ప్రతి శాఖయు ఒక చిన్న నోటుపుస్తకమును సర్వరు ప్రక్కన నుంచుట మేలు. దోషము కనబడిన తేదీ, కంప్యూటరు, వాడుకరి పేరు, సంఖ్య, తేలిన కారణము, చేసిన పని అను ఆరు గడులు చాలును. పాస్‌వర్డులను మాత్రము అందు వ్రాయరాదు. ఈ పుస్తకము సర్వరులోనే ఫైలుగా నుండరాదని వేరుగా చెప్పనక్కరలేదు; సర్వరు అందనినాడు దానితోనే పని. నిర్వాహకులు మారినను, పరిశోధకులు తమ కాలము ముగించుకొని వెళ్లినను, వచ్చువారికి అది ఆధారమై యుండును.